శుద్ధి అయ్యాక నీటికి అంటేది

వరంగల్, హనుమకొండ, కాజీపేట బస్తీల్లో ఏ నీళ్లు మంచివని అడిగితే జవాబుగా ఒక అంకె వస్తుంది. నల్లా నీళ్లకు ఇంత, బోరు నీళ్లకు అంత, ప్లాంటు నీళ్లకైతే యాభై లోపే అని టీడీఎస్ మీటరు చూపిన అంకెనే చెబుతారు. ఆర్వో మెషిన్ అమ్మేవారు, వాటర్ ప్లాంటు నడిపేవారు, అపార్ట్‌మెంటు సంఘాల వారు అందరూ నమ్మే పరికరం అదొక్కటే. అది చేసే పని మాత్రం చాలా చిన్నది. నీటిలో ముంచిన రెండు ఎలక్ట్రోడ్ల మధ్య విద్యుత్తు ఎంత సులువుగా పారుతుందో కొలిచి, దాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల లవణాలుగా లెక్కగట్టి చూపిస్తుంది. ప్లాస్టిక్ నుంచి నీటిలోకి దిగే రసాయనాలు, అంటే మెత్తని పైపుల్లో కలిపే థాలేట్లు, గట్టి పాలీకార్బనేట్ క్యాన్లలోని బిస్‌ఫినాల్-ఏ వంటివి, విద్యుదావేశం లేని సేంద్రియ అణువులు. కరెంటును మోయవు కాబట్టి మీటరుకు అవి కనబడవు. పరిమాణంలోనూ పొంతన లేదు. మీటరు చూపే అతి చిన్న మెట్టు లీటరుకు ఒక మిల్లీగ్రాము, అంటే వెయ్యి మైక్రోగ్రాములు. డీఈహెచ్‌పీ అనే థాలేటుకు తాగునీటిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 8 మైక్రోగ్రాములు. ఆ పరిమితికి నూరు రెట్లు ఉన్న నీటిలో ముంచినా మీటరులో అంకె కదలదు.

ఈ మీటరు మీద ఇంత నమ్మకం ఊరికే పుట్టలేదు. మన నేలలో ఫ్లోరైడ్ చేసిన చేటు పెద్దది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో మనుషుల ఎముకలు వంకర్లు పోవడానికి తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో ప్రకటించారు. దేశంలో ఆ జబ్బును గుర్తించిన తొలి నివేదిక అదే. నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని 1970ల్లో రూపొందించినప్పుడు దానికి నల్గొండ పేరే స్థిరపడింది. ఆ తర్వాత ఊరూరా ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. ఇంటికి 20 లీటర్ల క్యాన్ రావడం మొదలైంది. ఫ్లోరైడ్ భయంతో, ఉప్పదనం మీద విసుగుతో జనం నల్లాను వదిలి క్యాన్‌కు మళ్లారు. ఈ క్రమంలోనే ఒక ఆలోచనా పద్ధతి కూడా అలవాటైంది. చేటు నేలలో ఉంది, అది మూలంలోనే నీటిలో కలుస్తుంది, ఒకసారి శుద్ధి చేస్తే పోతుంది, కనుక బోరు దగ్గరో ఫిల్టర్ బెడ్ దగ్గరో పరీక్షిస్తే సరిపోతుంది. ఫ్లోరైడ్ విషయంలో ఇది పూర్తిగా నిజం. ప్లాస్టిక్ రసాయనాలకు ఈ లెక్క తలకిందులవుతుంది. వాటిలో ఎక్కువ భాగం శుద్ధి అయ్యాకే, ఫిల్టర్ బెడ్‌కూ గ్లాసుకూ మధ్య దారిలో నీటికి అంటుకుంటుంది. మన పరీక్షలన్నీ ఆ దారి మొదట్లోనే ఆగిపోతున్నాయి. వరంగల్ వంటి నగరం ప్లాస్టిక్ రసాయనాల కోసం తాగునీటిని పరీక్షించాలా వద్దా అన్న చర్చలో నా వాదన ఇదే: పరీక్షించాలి, చివరి అంచెలో పరీక్షించాలి, ఎండాకాలంలో పరీక్షించాలి.

నగరానికి నీళ్లు వచ్చే తీరు చూస్తే విషయం తేటపడుతుంది. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ, గోదావరి నుంచి దేవాదుల ఎత్తిపోతల ద్వారా నీళ్లు ధర్మసాగర్ చేరుతాయి. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువులు నగరానికి నిల్వ జలాశయాలు. అక్కడి నుంచి దేశాయిపేట, వడ్డేపల్లి వంటి ఫిల్టర్ బెడ్లకు వెళ్లి, పటికతో తేరుకుని, ఇసుకలో వడకట్టబడి, క్లోరిన్ కలుపుకుని పైపుల్లోకి వస్తాయి. ఇసుక వడపోత మురికినీ చాలా సూక్ష్మజీవుల్నీ ఆపుతుంది గానీ కరిగి ఉన్న సేంద్రియ రసాయనాలను ఆపలేదు. అందుకే చెరువులోకి వచ్చే నీటి మీద కూడా కన్ను వేయాలి. కావేరి నదిలో నీటిలోనూ అడుగు మట్టిలోనూ థాలేట్లు ఉన్నాయని 2015లోనే ఒక పరిశోధన పత్రం చూపింది. పట్టణాల మురుగు కలిసే ఏ జలాశయానికైనా ఆ అవకాశం ఉంటుంది. అయినా చెరువులో కోట్ల లీటర్ల నీటిలో పలచబడే రసాయనం కన్నా, పైపులోనో డ్రమ్ములోనో క్యాన్‌లోనో గంటలు, రోజుల తరబడి నిలవుండే కొద్ది నీటిలోకి దిగే రసాయనం మీదే ఎక్కువ అనుమానం ఉండాలి.

ఆ చివరి అంచెను దగ్గరగా చూద్దాం. నల్లా వచ్చే గంటలో చాలా ఇళ్లలో మోటారు పెట్టి, దానికి మెత్తని పైపు తగిలించి డ్రమ్ముల్లోకో మీది ట్యాంకులోకో నీళ్లు లాగుతారు. వాటర్ ప్లాంటులోనూ స్టీలు ట్యాంకు నుంచి క్యాన్‌లోకి నీళ్లు పట్టేది చాలాచోట్ల ఇలాంటి వంగే పైపుతోనే. పీవీసీ సహజంగా గట్టి పదార్థం. దాన్ని ఇలా చుట్ట చుట్టగలిగేంత మెత్తగా చేయడానికి ప్లాస్టిసైజర్ కలుపుతారు, అది పైపు బరువులో మూడో వంతు దాకా ఉండవచ్చు. చవక పైపుల్లో అది సాధారణంగా థాలేటే. అది ప్లాస్టిక్‌తో రసాయనికంగా ముడిపడి ఉండదు, అణువుల సందుల్లో చిక్కుకుని ఉంటుంది, ఎండకు కాగి మెల్లగా బయటికి వస్తుంది. గట్టి పీవీసీ పైపులో ప్లాస్టిసైజర్ ఉండదు గానీ దానికి వేరే చరిత్ర ఉంది. ఎండకూ వేడికీ తట్టుకోవడానికి చాలాకాలం సీసం సమ్మేళనాలు కలిపారు. ఆ సీసాన్ని తొలగించాలంటూ కేంద్రం 2021లో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. అంతకు ముందు గోడల్లో బిగించిన పైపులు ఇంకా గోడల్లోనే ఉన్నాయి. మిషన్ భగీరథలో విరివిగా వేసిన హెచ్‌డీపీఈ పైపుల్లో థాలేట్లు గానీ బిస్‌ఫినాల్ గానీ ప్రధాన పదార్థాలు కావు. ప్లాస్టిక్ అనగానే అన్నింటినీ ఒకే గాట కట్టకూడదని చెప్పడానికే ఈ వివరమంతా.

క్యాన్లలోనూ ఈ తేడా ఉంది. అడుగున త్రికోణంలో 1 అని ఉంటే పెట్, 7 అని ఉండి గాజులా గట్టిగా ఉంటే చాలావరకు పాలీకార్బనేట్. పెట్ తయారీలో ఉత్ప్రేరకంగా ఆంటిమొనీ వాడతారు, అది కొద్దికొద్దిగా నీటిలోకి దిగుతుంది. ఎంత వేగంగా దిగుతుందో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2008లో కొలిచారు. అమెరికా పరిమితి అయిన లీటరుకు 6 మైక్రోగ్రాములు దాటడానికి 60 డిగ్రీల వేడిలో 176 రోజులు పట్టింది, 80 డిగ్రీల్లో రెండున్నర రోజుల లోపే సరిపోయింది. రోహిణి కార్తెలో కూడా మన నీడపట్టు ఉష్ణోగ్రత 80 దగ్గరికి పోదు కాబట్టి ఆంటిమొనీ గురించి బెంబేలెత్తాల్సిన పని లేదు. భయపెట్టడానికి పనికొచ్చే అంకెలనే ఏరుకుంటే ఈ చర్చకు మేలు జరగదు. పాలీకార్బనేట్ సంగతి వేరు. దాని గొలుసు కట్టింది బిస్‌ఫినాల్-ఏ ముక్కలతోనే, వేడికీ క్షారాలకూ ఆ గొలుసు తెగుతుంది. హార్వర్డ్‌లో 77 మంది విద్యార్థులు వారం రోజులు పాలీకార్బనేట్ సీసాల్లో చల్లని పానీయాలు తాగితే వారి మూత్రంలో బిస్‌ఫినాల్-ఏ 69 శాతం పెరిగిందని 2009లో ప్రచురించారు. సిన్సినాటి విశ్వవిద్యాలయం అంతకు ముందు ఏడాది చేసిన పరీక్షలో అలాంటి సీసాల్లో మరిగే నీళ్లు పోస్తే రసాయనం దిగే వేగం 15 నుంచి 55 రెట్లు పెరిగింది. మన క్యాన్లలో మరిగే నీళ్లు పోయం, నిజమే. కానీ ఏళ్ల తరబడి తిప్పుతాం, కాస్టిక్ సోడాలతో కడుగుతాం, ఆటో ట్రాలీలో మిట్టమధ్యాహ్నం ఎండలో ఊరంతా తిప్పుతాం. ఈ మూడూ కలిసిన పరిస్థితి హార్వర్డ్ విద్యార్థులది కాదు. వారి ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం, ఇక్కడే కొలవాలి.

ఇప్పుడున్న ప్రమాణాలు ఈ పని చేయడం లేదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500, 2012 నాటిది. అందులో సీసం ఉంది, ఫ్లోరైడ్ ఉంది, పురుగుమందులున్నాయి, పీసీబీలున్నాయి. థాలేట్లకు గానీ బిస్‌ఫినాల్-ఏకు గానీ పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలకు గానీ ఆ పట్టికల్లో పరిమితి లేదు. ఫినాలిక్ సమ్మేళనాలు అనే వరుస ఒకటి ఉంది, పరిమితి కూడా చాలా కఠినం, లీటరుకు ఒక మైక్రోగ్రాము. బిస్‌ఫినాల్ అందులోకి రాదా అనిపిస్తుంది. కానీ ఆ వరుసకు ప్రయోగశాలల్లో మామూలుగా వాడే రంగు పరీక్ష బిస్‌ఫినాల్ వంటి నిర్మాణమున్న ఫినాళ్లను సరిగా పట్టుకోలేదు. వరుస ఉన్నా వల కన్నం పెద్దది. ప్లాస్టిక్ డబ్బాల వైపు చూస్తే, డబ్బా నుంచి ద్రవంలోకి దిగే పదార్థమంతా కలిపి లీటరుకు 60 మిల్లీగ్రాములు మించకూడదని నియమం. కొత్త డబ్బాలో ద్రవాన్ని నిర్ణీత వేడిలో నిర్ణీత రోజులు ఉంచి, తర్వాత ఆవిరి చేసి, మిగిలింది తూకం వేస్తారు. అరవై మిల్లీగ్రాములంటే అరవై వేల మైక్రోగ్రాములు. మైక్రోగ్రాముల్లో ఆలోచించాల్సిన పదార్థాన్ని ఈ తూకం ఎలా పట్టుకుంటుంది? పైగా అది కొత్త డబ్బాకు పరీక్ష, వందోసారి నింపిన క్యాన్‌కు కాదు. పసిపిల్లల పాలసీసాల్లో బిస్‌ఫినాల్-ఏ ఉండకూడదని మన దేశంలోనూ నియమం ఉంది. అదే పాలసీసాలోకి నీళ్లు వంచే క్యాన్‌కు ఆ నియమం వర్తించదు. ఈ ఒక్క వైరుధ్యం చాలు, మన నిబంధనలు వస్తువు పేరు చూసి రాసినవే తప్ప నీరు నడిచే దారి చూసి రాసినవి కావని చెప్పడానికి.

జల్ జీవన్ మిషన్ కింద గ్రామాల్లో మహిళలకు ఇచ్చిన ఫీల్డ్ టెస్ట్ కిట్లు పీహెచ్, గట్టిదనం, క్లోరైడ్, నైట్రేట్, ఫ్లోరైడ్, ఇనుము, మిగులు క్లోరిన్ వంటివి చూస్తాయి. అవి మంచి కిట్లే. వాటి నుంచి ప్లాస్టిక్ రసాయనాలను ఆశించడం తప్పు. ప్యాకేజ్డ్ నీటిపై 2024లో జరిగిన మార్పులు కూడా చెప్పుకోవాలి. ఆ ఏడాది అక్టోబర్‌లో బీఐఎస్ ధ్రువీకరణ తప్పనిసరి అన్న నిబంధనను ఎత్తేశారు, నవంబర్ చివర్లో ఆహార భద్రతా సంస్థ ఆ నీటిని అధిక ప్రమాద ఆహారాల జాబితాలో చేర్చి ఏటా తనిఖీ, ఆడిట్ ఉండాలంది. సీలు వేయని క్యాన్లలో నీళ్లమ్మే చిన్న ప్లాంట్లు మాత్రం ఈ చట్రం అంచున తిరుగుతూనే ఉంటాయి. నగరంలో రోజువారీ గొంతు తడిపేది ఎక్కువగా అవే.

ఇక అభ్యంతరాలు. అన్నింటికన్నా బలమైనది, శాస్త్రమే ఇంకా తేల్చుకోలేదన్నది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023 ఏప్రిల్‌లో బిస్‌ఫినాల్-ఏకు రోజువారీ సహన పరిమితిని అంతకు ముందున్నదాని కన్నా 20 వేల రెట్లు తగ్గించి, కిలో శరీర బరువుకు 0.2 నానోగ్రాములుగా నిర్ణయించింది. జర్మనీకి చెందిన బీఎఫ్ఆర్ సంస్థ దాంతో విభేదించి 200 నానోగ్రాములు చాలునంది. వెయ్యి రెట్ల తేడా. అదే ఐరోపా 2020లో తాగునీటికి పెట్టుకున్న పరిమితి లీటరుకు 2.5 మైక్రోగ్రాములు. అరవై కిలోల మనిషి ఆ పరిమితి దగ్గరున్న నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి వెళ్లేది 5,000 నానోగ్రాములు. ఐరోపా కొత్త లెక్క ప్రకారం ఇది నాలుగు వందల రెట్లకు పైగా ఎక్కువ, జర్మనీ లెక్క ప్రకారం సగం కూడా కాదు. పెద్దలే కొట్టుకుంటున్నప్పుడు మనం ఏ పరిమితి పెట్టుకుని పరీక్షించాలి అన్న ప్రశ్నలో న్యాయం ఉంది. అయితే ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి సీజన్‌లో బస్తాలు మోసే హమాలీని ఈ లెక్కలో పెట్టి చూడండి. ఏప్రిల్ ఎండలో అతను ఐదారు లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు. ఐదు లీటర్లకే 12,500 నానోగ్రాములు. అరవై కిలోల మనిషికి జర్మనీ ఇచ్చిన ఉదార పరిమితి 12,000. రెండు లీటర్ల నీళ్లు తాగే చల్లని దేశపు మనిషి కోసం కట్టిన లెక్క మన ఎండల్లో, మన కష్టజీవి విషయంలో ఎలా చెదిరిపోతుందో ఇది చూపుతుంది. వరంగల్ నీటిలో బిస్‌ఫినాల్ ఆ స్థాయిలో ఉందని నేను అనడం లేదు, బహుశా చాలా తక్కువే ఉండవచ్చు. పరిమితి మీద వాదన ఎటు తేలినా కొలత మాత్రం మారదు. ఇవాళ కొలిచి పెట్టుకున్న అంకె రేపు ఏ పరిమితి వచ్చినా పనికొస్తుంది. శాస్త్రం తేలేదాకా ఆగుదామంటే, తేలిన రోజున మన చేతిలో పాత అంకె ఒక్కటీ ఉండదు.

అలా చేతిలో అంకె లేకపోవడం ఎంత ఖరీదైనదో ఏలూరు చూపింది. 2020 డిసెంబర్‌లో అక్కడ వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. ఎయిమ్స్ రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పురుగుమందు అవశేషాలను చూపింది. నీరి, ఐఐసీటీ, సీసీఎంబీ వంటి సంస్థలన్నీ దిగాయి. చివరికి పురుగుమందుల వైపే ప్రభుత్వం మొగ్గింది గానీ అవి ఒంట్లోకి ఏ దారిన వచ్చాయన్న సందేహం అందరి మనసుల్లోంచీ పోలేదు. ఆ ఊరి నీటిలో, కూరగాయల్లో మామూలు రోజుల్లో ఏది ఎంత ఉంటుందో ముందే రాసి పెట్టుకుని ఉంటే ఆ వారం రోజుల వెతుకులాట మరోలా ఉండేది. పటాన్‌చెరు దగ్గర జరిగింది మరో రకం పాఠం. మందుల కంపెనీల వ్యర్థజలాలను శుద్ధిచేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రకటించేదాకా అది ఇక్కడి ఏ పట్టికలోనూ కనబడలేదు. మన యంత్రాంగం చేతగానిదై కాదు. పట్టికలో ఆ పేరు లేదు, కాబట్టి ఎవరూ వెతకలేదు.

బ్యాక్టీరియాను అరికట్టడమే చేతకాని చోట మైక్రోగ్రాముల వేట విలాసం కాదా అనేవారున్నారు. వర్షాకాలంలో మురుగు కాలువ పక్కనే పగిలిన నల్లా పైపు వల్ల వచ్చే విరేచనాలు, కామెర్లు నిజమైన, తక్షణమైన ప్రమాదం. క్లోరిన్ మీద పెట్టాల్సిన రూపాయిని థాలేటు మీదకు మళ్లించమని ఎవరైనా అంటే నేనూ ఒప్పుకోను. కానీ ఈ రెండింటికీ డబ్బు, మనుషులు, ప్రయోగశాల ఒక చోట నుంచి రావు. క్లోరిన్ పరీక్ష రోజూ, ప్రతి వీధిలో జరగాలి. ప్లాస్టిక్ రసాయనాల పరీక్ష ఏడాదికి రెండుసార్లు, నలభై యాభై నమూనాలతో జరిగితే చాలు. ఒక్కో నమూనాకు ఖర్చు వేలల్లో ఉంటుంది, నిజమే. ప్రతి ఇంటి నీటినీ పరీక్షించమంటే నగరపాలక సంస్థ దివాలా తీస్తుంది. ఆరోగ్యం కోసం చేసే నిఘాలో ప్రతి మనిషినీ పరీక్షించరు, సరైన చోట్ల సరైన మనుషుల్ని ఎంచుకుంటారు. నీటికీ అంతే.

నీటి కన్నా తిండి ద్వారానే థాలేట్లు ఎక్కువ వస్తాయి కదా అన్న మాట కూడా వినబడుతుంది. అదీ నిజమే. పల్చటి ప్లాస్టిక్ కవర్లో వేడి వేడి చాయ్, సాంబారు పార్సిల్ కట్టించుకునే ఊళ్లలో ఆ మాట కాదనలేం. ఒక పేపర్ కప్పులో వేడి ద్రవం పావుగంట ఉంటే లోపలి పొర నుంచి 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు వస్తాయని ఐఐటీ ఖరగ్‌పూర్ 2020లో చెప్పింది. అయితే తిండికి వెయ్యి దారులు. నీటికి నగరంలో ఉన్నవి లెక్కపెట్టగలిగిన దారులు, వాటి మీద అధికారం ఉన్న సంస్థ కూడా ఉంది. మొదలుపెట్టడానికి ఇంతకన్నా అనువైనది లేదు.

పరీక్ష ఎలా చేస్తారన్నది చిన్న విషయం కాదు, సగం తప్పులు అక్కడే జరుగుతాయి. థాలేట్లు గాలిలోని దుమ్ములో ఉంటాయి, వినైల్ చేతి తొడుగుల్లో ఉంటాయి, చేతికి రాసుకున్న క్రీముల్లో ఉంటాయి. నమూనాను ప్లాస్టిక్ సీసాలో పడితే కొలిచేది నల్లానో సీసానో తెలియదు. పైగా డీఈహెచ్‌పీ నీటిలో సరిగా కరగదు, గోడలకు అతుక్కుంటుంది. అందుకే ద్రావకంతో కడిగిన గోధుమరంగు గాజు సీసాల్లో పట్టి, ఐసు పెట్టెలో పెట్టి, త్వరగా చేర్చాలి. ప్రయోగశాలలో నింపిన స్వచ్ఛమైన నీటి సీసాను కూడా వెంట తీసుకెళ్లి, నమూనా తీసే చోటే మూత తీసి, మళ్లీ మూసి తేవాలి. ఆ సీసాలో థాలేటు కనబడితే దాన్ని ముందుగా లెక్కలోంచి తీసేయాలి. ఇలాంటి ఖాళీ నమూనా లేని ఏ నివేదికనూ నమ్మకూడదు. పీఫాస్‌కైతే ఈ పద్ధతి తిరగబడుతుంది. అవి గాజుకు అతుక్కుంటాయి కాబట్టి పాలీప్రొపిలీన్ సీసాలు కావాలి, టెఫ్లాన్ దగ్గరికి రానివ్వకూడదు. పీఫాస్‌లో రెండు రకాలైన పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్‌లకు అమెరికా 2024లో పెట్టిన పరిమితి లీటరుకు 4 నానోగ్రాములు. ఆ స్థాయిలో చిన్న నిర్లక్ష్యం కూడా ఫలితాన్ని తప్పుదోవ పట్టిస్తుంది. ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాల కావాలనడం ఒకటే చాలదు, ఆ గుర్తింపు ఫలానా రసాయనానికి, ఫలానా స్థాయికి ఉందా అని చూడాలి. గుర్తింపు పత్రం వెనుక పేజీల్లో అది రాసి ఉంటుంది.

సూక్ష్మ ప్లాస్టిక్ కణాల లెక్కను నేను ఈ మొదటి దశలోకి తీసుకురాను. వాటి గురించి జనంలో ఎక్కువ కలవరం ఉందని తెలుసు. మన దేశంతో సహా తొమ్మిది దేశాల్లో కొన్న 259 నీళ్ల సీసాల్లో 93 శాతం సీసాల్లో కణాలు ఉన్నాయని 2018లో అమెరికా పరిశోధకులు చెప్పారు, సగటున లీటరుకు 325. 2024 జనవరిలో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకులు కొత్త పద్ధతితో చూసి సగటున లీటరుకు 2.4 లక్షల కణాలన్నారు. రెండు అంకెల మధ్య ఇంత ఎడం నీటిలో వచ్చింది కాదు, చూసే కన్నులో వచ్చింది. ఎంత చిన్న కణం దాకా లెక్కపెట్టాలో ప్రపంచం ఇంకా ఒక ఒప్పందానికి రాలేదు. కొలంబియా పరిశోధనలో ఒక వివరం మాత్రం మనకు అక్కరకొస్తుంది. కణాల్లో పాలీఅమైడ్ ఎక్కువగా కనిపించింది, అది శుద్ధి కోసం వాడే వడపోత పదార్థాల నుంచే వచ్చి ఉండవచ్చని వారు అనుమానించారు. మన ఆర్వో పొర కూడా పాలీఅమైడే. శుద్ధి చేసే పరికరమే చివరి అంచెలో భాగమన్న నా వాదనకు ఇది బలమిస్తుంది. మన ఆహార భద్రతా సంస్థ 2024లో సూక్ష్మ కణాలపై లక్నో, కొచ్చి, పిలానీ సంస్థలతో ప్రాజెక్టు మొదలుపెట్టింది. పద్ధతి తేలేదాకా ఆ పని వాళ్లు చేయడమే సబబు. థాలేట్లకు, బిస్‌ఫినాల్‌కు, సీసానికి, ఆంటిమొనీకి కొలిచే పద్ధతులు ఎప్పుడో పక్వమయ్యాయి, నగరం వాటితో మొదలుపెట్టవచ్చు.

వరంగల్‌కు ఇందుకు కావాల్సినవన్నీ దగ్గరే ఉన్నాయి. 1959లో ఆర్ఈసీగా మొదలైన ఎన్ఐటీ ఉంది, కాకతీయ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్ర విభాగం ఉంది, రెండున్నర గంటల దూరంలో హైదరాబాద్‌లో ఐఐసీటీ ఉంది. విద్యార్థులు నమూనాలు తీయడం నేర్చుకుంటారు, గుర్తింపు ఉన్న ప్రయోగశాల కొలుస్తుంది, నగరపాలక సంస్థ ప్రచురిస్తుంది. మే నెలలో ఒకసారి, డిసెంబర్‌లో ఒకసారి. ఒకే నీటిని నాలుగు చోట్ల పట్టాలి: ఫిల్టర్ బెడ్ దగ్గర, వీధి చివరి నల్లా దగ్గర, మోటారు పైపు దాటాక ఇంటి డ్రమ్ములో, రెండు రోజులు ఇంట్లో ఉన్న క్యాన్‌లో. ఈ నాలుగింటి మధ్య తేడా కొలిస్తే రసాయనం ఏ మెట్టులో చేరుతోందో దానంతటదే తేలుతుంది. క్యాన్లలో పాతవీ కొత్తవీ, పాలీకార్బనేట్‌వీ పెట్‌వీ విడివిడిగా చూడాలి. బిస్‌ఫినాల్-ఏ లేదని రాసి అమ్మేవాటిలో బదులుగా వాడే బిస్‌ఫినాల్-ఎస్‌ను కూడా వెతకాలి, అది కూడా హార్మోన్ల పనిలో వేలు పెట్టేదే.

ఫలితాలు బయటపెడితే జనం భయపడి నల్లా మానేస్తారన్న అనుమానం అధికారుల్లో ఉండటం సహజం. నా అంచనా దీనికి విరుద్ధం. జనం నల్లాను ఇప్పటికే చాలావరకు మానేశారు, అంకె తెలియకే మానేశారు. నాలుగు చోట్ల అంకెలు పక్కపక్కన పెడితే నల్లా నీళ్లే మెరుగని తేలే అవకాశం గట్టిగా ఉంది. తేలకపోయినా, మోటారుకు తగిలించిన మెత్తని పైపు తీసేసి తాగునీటికి పనికొచ్చే పైపు పెట్టుకోవడం, క్యాన్‌ను ఎండ తగలని చోట ఉంచడం, వంటకు నీళ్లు స్టీలు బిందెలో పట్టుకోవడం ఎవరైనా రేపే చేయగల పనులు. ఇక ప్లాంట్ల యజమానులు. వారిలో చాలామంది అప్పు చేసి ఒక షెడ్డు, ఒక ట్రాలీ పెట్టుకుని బతికేవారు. పాలీకార్బనేట్ క్యాన్లు వద్దని ఒక్క రోజులో ఆదేశిస్తే భారమంతా వారి మీద పడుతుంది, ఇంకా చవక డబ్బాలు వస్తాయి. ఐరోపా కూడా 2024 డిసెంబర్‌లో ఆహార వస్తువుల్లో బిస్‌ఫినాల్-ఏను నిషేధించినప్పుడు మారడానికి గడువు ఇచ్చింది. ఇక్కడ ముందు క్యాన్ అడుగున తయారైన సంవత్సరం ముద్రించాలి, ఇన్నేళ్లు దాటినది నింపకూడదని పరీక్షల అంకెల ఆధారంగా తేల్చాలి, నింపే పైపు మార్చడానికి ఒక సీజన్ సమయం ఇవ్వాలి, ఆ పైపు ఖర్చులో కొంత నగరం భరించాలి. పైపు మార్చాక మళ్లీ మే నెలలో అదే ప్లాంటు దగ్గర అదే గాజు సీసాలో నీళ్లు పట్టి చూస్తే, మార్చినందుకు ఫలితం వచ్చిందో లేదో యజమానికీ, కొనేవారికీ ఒకేసారి తెలుస్తుంది.